చెట్టు లేని మోకు

"బెల్టు పెట్టుకునే వున్నాడు కదండీ! ఇంకేం చెయ్యమంటారు మమ్మల్ని?"

ఈ ప్రశ్న వేసింది మా అపార్టుమెంటు సెక్రటరీగారు. విన్నది పద్దెనిమిది ఫ్లాట్ల వాళ్లం. ఆయన అన్నది నిజమే. మూడో అంతస్తు బయటిగోడకి రంగు వేస్తూ, జూలా మీంచి జారి కింద పార్కింగులో పడిన ఆ కుర్రాడి ఒంటికి నారింజరంగు బెల్టు బిగించే వుంది. దాని తాడు కొసన ఇనప కొక్కెం కొత్తగా, ఒక్క గీతైనా పడకుండా తళతళలాడుతూ వుంది. గీత ఎలా పడుతుంది, దాన్ని ఎప్పుడైనా దేనికైనా తగిలిస్తే కదా!

ప్రాణం దక్కింది. మధ్యలో రెండో అంతస్తు సన్‌షేడు తగిలి, అక్కణ్ణించి దొర్లి పడ్డాడు కనక దక్కింది. తుంటి ఎముక విరిగింది. మర్నాడు తలా అయిదు వందలు వేసుకున్నాం. "పాపం, చిన్నవాడు" అనుకున్నాం. పది రోజులకి మీటింగు పెట్టుకుని, టీ బిస్కట్లు పుచ్చుకుని, తప్పు ఆ కుర్రాడిదేనని తేల్చుకున్నాం. బెల్టు ఇచ్చారు, కొక్కెం వుంది, తగిలించుకోలేదు, మనమేం చేస్తాం?

ఆ తీర్పు తప్పుడు తీర్పు అని చెప్పడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. తప్పు మనది. మనది అంటే నాదీ, మధ్యాహ్నం పనులన్నీ ముగించుకుని నడుం వాల్చి ఈ పేజీ తిప్పుతున్న మీదీ. అప్పుడే మొహం చిట్లించకండి వదినగారూ, ముందు నా భాగోతం చెప్పుకోనివ్వండి.

నిరుడు మా బిల్డింగుకి రంగులు వేయించాలనుకున్నప్పుడు రెండు కొటేషన్లు వచ్చాయి. పెద్ద కొటేషనులో చివర ఒక వరుస వుంది: ఒక్కో మనిషికీ విడిగా రక్షణ తాడు, ఒంటినిండా పట్టే బెల్టు, డాబా మీద తాళ్లు కట్టడానికి గట్టి ఏర్పాటు, పైన కాపలాకి ఒక మనిషి. వెరసి ముప్పై ఆరు వేలు. చిన్న కొటేషనులో ఆ వరుస లేదు. మిగతా అంతా ఒకటే. "ఇన్నేళ్లుగా రంగులు వేసేవాళ్లు వేస్తూనే వున్నారు కదా, తాళ్లకీ కొక్కేలకీ ముప్పై ఆరు వేలా? బంగారంతో చేయిస్తారా ఏమిటి?" అన్నాను నేను. అందరూ నవ్వారు. బేరం ఆడటంలో మా వీధిలో నాకో పేరుంది లెండి. ముప్పై ఆరు వేలని పద్దెనిమిది ఫ్లాట్లకి పంచితే ఇంటికి రెండు వేలు. ఓ మాదిరి చీర ఖరీదు. ఆ చీర మిగిలిందని ఆ రాత్రి మా ఆయన దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఇంతటితో నా ఘనకార్యం పూర్తయిందనుకునేరు. ఇంకొకటుంది.

రంగుల పనికి వచ్చినవాళ్లలో యాభై ఏళ్ల పెద్దాయన ఒకడున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. కాంట్రాక్టరు ఇవ్వకపోయినా తన సొంత తాడు ఒకటి తెచ్చుకుని, డాబా మీద నీళ్లట్యాంకు కింది కాంక్రీటు దూలానికి చుట్టి, దానికి బెల్టు కొక్కెం తగిలించుకుని దిగేవాడు. ఓ రోజు నా వంటింటి కిటికీకి ఎదురుగా వచ్చాడు. ఏసీ పెట్టె వెనకాల చారెడు జాగా రంగు పడకుండా మిగిలిపోతోంది. "ఏమయ్యా, ఆ మూల కూడా కాస్త చూడు, మళ్లీ పదేళ్లదాకా ఎవరూ రారు" అన్నాను. ఆయన ఆ మూల చూశాడు, పైకి చూశాడు. "తాడు అందదమ్మా" అన్నాడు. "కాస్త వంగితే అందదూ?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కొక్కెం విప్పాడు. ఏసీ పెట్టె మోస్తున్న ఇనప చట్రం మీద ఓ కాలు, జూలా మీద ఓ కాలు వేసి, చెయ్యి చాపి ఆ చారెడు జాగాకీ రంగు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ తగిలించుకున్నాడు. నాకు మూల తెల్లబడింది. సంతోషించి కిటికీలోంచి కాఫీ అందించాను కూడా.

ఆ కుర్రాడు పడ్డది ఇది జరిగిన తొమ్మిదో రోజున. అప్పటిగ్గానీ నేను ఆ పెద్దాయన చేత ఏం చేయించానో నాకు తట్టలేదు. ఆ చారెడు జాగా ఇప్పటికీ కూరగాయలు తరుగుతున్నప్పుడల్లా కనిపిస్తూనే వుంటుంది.

మా అమ్మమ్మగారి వూరు నల్లగొండ జిల్లాలో. వేసవి సెలవులకి వెళ్లినప్పుడు పొద్దున్నే తాటివనం గట్టున కూర్చుని గీతవాళ్లు చెట్లెక్కడం చూసేవాళ్లం. కాళ్లకి గుజి, నడుముకి మోకు. ఆ మోకు ఒక్క మనిషి నడుముకే చుట్టుకుని వుండదు. చెట్టునీ మనిషినీ కలిపి చుట్టుకుని వుంటుంది. దాని మీద వెనక్కి ఆనుకుని, దాన్ని పైకి విసురుతూ ఎక్కుతారు. పైన రెండు చేతులూ వదిలి కత్తితో గీస్తున్నా ఆ మోకే ఆధారం. చెట్టుకి చుట్టకుండా మోకుని నడుముకి మాత్రం కట్టుకుని తాడెక్కే మనిషిని ఎవరైనా చూశారా? చూస్తే పిచ్చివాడంటాం. మరి మనం ఆ కుర్రాడికి ఇచ్చింది సరిగ్గా అలాంటి మోకే. చెట్టు ఇవ్వలేదు. చెట్టు లేని మోకు వడ్డాణంతో సమానం. పెట్టుకున్నవాడికి అందం, ఫోటో తీసుకున్న కాంట్రాక్టరుకి సాక్ష్యం.

మోకున్నా పడేవాళ్లు పడుతూనే వున్నారు. అది జారుతుంది, తెగుతుంది. అలా పడి నడుములు విరిగి మంచాన పడ్డవాళ్లు ప్రతి తాళ్లవూళ్లోనూ వున్నారు. అందుకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీతవాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తరతరాలుగా చెట్టెక్కుతున్నవాళ్లకే ఇంకా మంచి పట్టు కావాలని తెలుసుకున్నాం. పొట్ట చేతపట్టుకుని నిన్నగాక మొన్న పట్నం వచ్చి, పరంజా అంటే ఏమిటో కూడా తెలియని పిల్లాడు మాత్రం "అలవాటు మీద" నిలబడాలి!

అసలు ఆ బెల్టు సంగతి నాకూ తెలియదు. నేను చదివింది బి.ఏ., అందులోనూ తెలుగు సాహిత్యం. మా అన్నయ్య కొడుకు సివిల్ ఇంజనీరు, వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. వాడు చెప్పింది విన్నాక నేను ఆడిన బేరం ఎంతటిదో తెలిసొచ్చింది.

పై నుంచి పడే మనిషి మొదటి సెకనులోనే దాదాపు అయిదు మీటర్లు దిగిపోతాడు. మూడో అంతస్తు నించి నేలకి సెకనున్నర. "అమ్మా" అని పూర్తిగా అనే వ్యవధి కూడా లేదు. ఈ సెకనున్నరలో ఎవరూ దేన్నీ పట్టుకోలేరు, ముందే తగిలించి వుండాలి. నడుముకి మాత్రమే కట్టే బెల్టు అయితే ఆ కుదుపు అంతా పొట్ట మీదా వెన్ను మీదా పడుతుంది. కింద పడకపోయినా లోపల చితుకుతుంది. అందుకే అమెరికాలో 1998 జనవరి 1 నించి పడేవాణ్ణి ఆపడానికి ఉత్త నడుము బెల్టు వాడకూడదని నిషేధించారు. భుజాలకీ, ఛాతీకీ, తొడలకీ పట్టీలుండి, వీపు మీద రెండు రెక్కల మధ్య ఇనప రింగుండే బెల్టే వాడాలి. అప్పుడు కుదుపు తొడలకీ తుంటికీ సర్దుకుంటుంది.

ఆ రింగు నించి వచ్చే తాడుని ఇంజనీర్లు ల్యాన్యార్డు అంటారట. మామూలుగా రెండు మీటర్లకి మించకూడదు. మంచి రకం తాడులో ఒక చిన్న పొట్లం లాంటిది కుట్టి వుంటుంది. అందులో మడతలు పెట్టిన పట్టీ. మనం పిల్లల గౌన్లకి, పెరిగినప్పుడు విప్పుకోవచ్చని లోపల మడత వేసి కుడతామే, అలాంటిదే అనుకోండి. మనిషి పడగానే ఆ కుట్లు ఒక్కొక్కటే పటపటా తెగుతూ మడత విప్పుకుంటుంది. తెగుతున్న ప్రతి కుట్టూ కాస్త వేగాన్ని మింగుతుంది. ఆ విధంగా వొంటి మీద పడే దెబ్బ ఆరువందల కిలోల బరువుకి మించకుండా ఆపుతుంది. అది లేని ఉత్త తాడైతే దెబ్బ అంతకు ఎన్నో రెట్లు. ఒకసారి మనిషిని ఆపిన బెల్టూ తాడూ మళ్లీ వాడకూడదు, పారెయ్యాలి. గోడ మరకలు కడగడానికి వాడే యాసిడ్డు నైలాను తాడు మీద పడితే పైకి ఏమీ కనిపించకుండానే లోపల చీకిపోతుంది. ఎండకీ పాడవుతుంది. మా కాంట్రాక్టరు బెల్టులు ఎన్నేళ్లనాటివో నేను అడగలేదు. యాసిడ్డు డబ్బా మాత్రం వాటి పక్కనే వుండటం చూశాను.

ఇక కొక్కెం ఎక్కడ తగిలించాలన్నది అసలైన చిక్కు. పాదాల దగ్గర ఏ రాడ్డుకో తగిలిస్తే రెండు మీటర్ల తాడు నాలుగు మీటర్లు పడనిస్తుంది. తలకి పైన తగిలించాలి. తాడు నిడివీ, విప్పుకున్న మడతా, మనిషి పొడుగూ కలుపుకుంటే కింద ఆరు మీటర్లకి పైగా ఖాళీ వుండాలి, అంటే రెండంతస్తులు. అంతకంటే తక్కువ ఎత్తులో పొడుగు తాడు వేసుకున్నా నేల తగిలాకే అది బిగుస్తుంది. దానికీ ఉపాయముంది. పై నించి వేలాడే తాడు మీద జారుతూ, కుదుపు తగలగానే కారులో సీటుబెల్టులా బిగుసుకుపోయే పట్టు దొరుకుతుంది.

జూలా సంగతి వేరు, వీధిదీపాలు బాగుచేసే లారీ మీద గంప సంగతి వేరు. మా వీధిలో ఆ గంప లారీ వచ్చినప్పుడు చూశాను, అందులో మనిషి కొక్కెం కరెంటు స్తంభానికి తగిలించుకున్నాడు. పాపం జాగ్రత్తపరుడే అనుకున్నాను. అది ప్రాణం మీదికి తెచ్చే జాగ్రత్తట! గంప కదిలితే మనిషి స్తంభానికే వుండిపోతాడు, గంప తన దారిన తను పోతుంది. గంపలో వున్నవాడు గంప లోపలి రింగుకే, పొట్టి తాడుతో తగిలించుకోవాలి. చక్రం చిన్న గుంటలో పడితే కింద జానెడు వూపు, ఆ పొడవాటి చెయ్యి కొసన పైన మనిషిని ఉండేలు దెబ్బలా విసిరేస్తుంది. పొట్టి తాడు వాణ్ణి గంప దాటనివ్వదు. జూలా మీద సరిగ్గా దీనికి తలకిందులు. జూలాకి తగిలించుకుంటే జూలా తాడు తెగినప్పుడు దానితోబాటే మనిషీ పోతాడు. అందుకే జూలా తాళ్లతో సంబంధం లేకుండా డాబా మీద వేరే చోట కట్టిన వేరే తాడుకి తగిలించాలి. ఆ వేరే చోటు కూడా ఒక్కో మనిషికి రెండువేల రెండువందల కిలోల పైన బరువు తట్టుకోవాలని అమెరికా నిబంధన. ఒంటిటిక పిట్టగోడా, ప్లాస్టిక్ నీళ్లగొట్టమూ, టీవీ డిష్షు స్టాండూ తట్టుకుంటాయా?

మా డాబా మీద వున్నవి అవే.

ఇప్పుడు చెప్పండి, ఆ కుర్రాడు కొక్కెం దేనికి తగిలించాలి? వాడు పిట్టగోడ చూశాడు, గొట్టం చూశాడు, జూలా ఎక్కాడు. సెక్రటరీగారు బెల్టు చూశారు. మేము రంగు చూశాం.

"వాళ్లే పెట్టుకోరండీ, ఎంత చెప్పినా వినరు" అనేవాళ్లున్నారు. వింటాను ఆ మాట కూడా. బిగుతుగా వుంటుంది, ఎండలో ఒరుసుకుంటుంది, చోటు మారినప్పుడల్లా విప్పి తగిలించాలి. మరి గజాల లెక్కన డబ్బిస్తూ, "దసరాకి పూర్తవ్వాలి" అని రోజూ గుర్తుచేస్తూ, విప్పి తగిలించే ఆ నిమిషం కూలి ఎవరిస్తున్నారు? రెండు కొక్కేలున్న తాడైతే ఒకటి విప్పేటప్పుడు రెండోది తగిలించే వుంటుంది, ఒక్క క్షణమైనా మనిషి గాలికి వుండడు. అది ఖరీదు. ఖరీదైంది మనం కొట్టేశాం. కొట్టేసి, వాళ్లు పెట్టుకోరంటున్నాం.

"రాసిపెట్టి వుంటే ఎవరాపగలరు" అనే పెద్దలతో నేను వాదించను. స్కూటరు వెనక మనవణ్ణి ఎక్కించేటప్పుడు ఇదే మాట వాళ్ల నోట ఎందుకు రాదో మాత్రం నాకు అర్థం కాదు.

ఇంకోరకం వాళ్లున్నారు, వీళ్లు చదువుకున్నవాళ్లు. మా చుట్టాలింట్లో డ్రాయింగు రూములో గోడంతా ఆక్రమించిన ఫోటో ఒకటుంది. మీరూ చూసే వుంటారు. 1932లో న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సెంటర్ కడుతున్నప్పటిది. అరవై తొమ్మిదో అంతస్తులో ఇనప దూలం మీద పదకొండు మంది కాళ్లు వేలాడేసుకుని భోజనం చేస్తుంటారు, కింద నగరమంతా. ఒక్కరికీ తాడు లేదు. "ఏం ధైర్యం!" అని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు. భవనానికి ప్రచారం కోసం తీయించిన ఫోటో అది. అప్పుడు అమెరికాలో పనులు లేక జనం అల్లాడుతున్నారు. ఆ దూలం మీద కూర్చోనంటే కూర్చునేవాళ్లు కింద వరుసలో వున్నారు. దాన్ని ధైర్యమనడం మనకి సౌకర్యం. అదే దేశంలో, ఆ తర్వాత నాలుగైదేళ్లలోపే, గోల్డెన్ గేట్ వంతెన కడుతూ కింద పెద్ద వల కట్టించారు. ఆ వలలో పడి పందొమ్మిది మంది బతికారు. తమకి తామే "నరకానికి సగం దారి క్లబ్బు" అని పేరు పెట్టుకున్నారు. 1937 ఫిబ్రవరి 17న పరంజా ఊడి వల మీద పడేసరికి వల చిరిగి పదిమంది పోయారన్నదీ నిజమే. కానీ ఆ పందొమ్మిది మందినీ కాపాడింది వాళ్ల ధైర్యం కాదు కదా, ఎవరో డబ్బు పెట్టి కట్టించిన వల. ఆ వల ఫోటో ఏ డ్రాయింగు రూములోనూ నేను చూడలేదు.

చట్టం లేదా అంటే వుంది. 1996లో పార్లమెంటు భవన నిర్మాణ కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. పదిమందీ అంతకు మించీ పనివాళ్లున్న చోట్లకి అది. మన ఇళ్లకి సున్నాలు వేసే ముగ్గురూ నలుగురూ దాని కంట ఎక్కడ పడతారు? తరవాత 2020లో చేసిన కోడ్‌లో దాన్ని కలిపేశారు. ఏ కోడ్ వచ్చినా మా డాబా మీదికి ఇన్‌స్పెక్టరు ఎక్కి చూస్తాడని నేను అనుకోను. అక్కడ చూడగలిగినవాళ్లు ఎవరంటే, పగలంతా ఇంట్లో వుండేవాళ్లం, మనమే. రంగు చాయ సరిపోలేదని చెప్పేదీ మనమే, ఇక్కడ చుక్క పడిందని తుడిపించేదీ మనమే. కిటికీలోంచి అన్ని ఆజ్ఞలు జారీచేసే నోటికి, "ఏమయ్యా, కొక్కెం దేనికి తగిలించావు?" అని అడగడం బరువా? తగిలించేదాకా పని మొదలుపెట్టనివ్వను అనడం?

సందర్భం వచ్చింది కనక ఇదీ అడుగుతున్నాను. పండక్కి బూజులు దులిపించేటప్పుడు మీ పనిమనిషి కిటికీ అద్దాలు బయటివైపు ఎలా తుడుస్తుంది? మా ఇంట్లో అయితే ఓ చెయ్యి గ్రిల్లుకి, ఓ చెయ్యి గుడ్డకి, కాళ్లు అయిదంగుళాల గట్టు మీద. నాలుగో అంతస్తు. ఆవిడకి బెల్టు కూడా లేదు, తప్పు ఆవిడదేనని తేల్చడానికి! ఈ సంవత్సరం నించి ఆ అద్దాలు బయటివైపు మురికిగానే వుంటున్నాయి. వచ్చినవాళ్లు చూస్తే చూడనివ్వండి.

కాపలా మనిషి ఎందుకని నేను మీటింగులో ఎగతాళి చేశానే, దానికీ జవాబు మా అన్నయ్య కొడుకే చెప్పాడు. బెల్టు ఆపిన మనిషి గాలిలో వేలాడుతూ కదలకుండా వుంటే నెత్తురు కాళ్లలోకి దిగిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పచ్చు, ప్రాణమే పోవచ్చు. ఫైరింజను వచ్చేదాకా ఆగకుండా వెంటనే దించడానికి, లేదా పైకి లాగడానికి ఎవరో ఒకరు డాబా మీద వుండాలి. నేనేమో ఆ మనిషి వూరికే బీడీ కాల్చుకుంటూ కూర్చుంటాడన్నాను.

కుర్రాడు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వాళ్ల వూళ్లో మేనమామ కిరాణా కొట్లో కూర్చుంటున్నాడట. ఆస్పత్రి ఖర్చులో మేము వేసుకున్న తొమ్మిది వేలూ ఏ మూలకీ చాలలేదని పెద్దాయన చెప్పాడు. మిగతాది వాళ్ల అమ్మ చెవులవి అమ్మి కట్టిందట.

కిందటి నెల మీటింగులో నేను లేచి, డాబా మీద కాంక్రీటు దూలాల్లో నాలుగు ఇనప రింగులు వేయిద్దామన్నాను, బరువు కట్టి పరీక్ష చేయించి. రేపు నీళ్లట్యాంకు పని వస్తుంది, ఎల్లుండి మళ్లీ రంగులు వస్తాయి, ఒకసారి వేస్తే అన్నిటికీ వుంటాయి. పై అంతస్తు ఆవిడ వెంటనే, "దూలానికి చిల్లు పెడితే మా బెడ్‌రూములోకి వాన కారుతుంది, ఎవరు బాధ్యత?" అంది. ఆవిడ భయం అబద్ధం కాదు. లిఫ్టు గది స్తంభాలకి వేస్తే చినుకు కూడా దిగదని మావాడు గీసిచ్చాడు. సెక్రటరీగారు ఖర్చెంతో కాగితం మీద పెట్టమన్నారు. ఎవరో వెనకనించి, "అమ్మగారు అప్పుడు వద్దన్నారుగా" అన్నారు. అన్నానుగా మరి.

వచ్చే ఆదివారం పదిగంటలకి మళ్లీ మీటింగు. పెద్ద కొటేషను కాగితం బీరువాలోంచి వెతికి తీసిపెట్టాను. ఆ చివరి వరుస మీద నేను ఎర్ర పెన్సిలుతో కొట్టేసిన గీత ఇంకా అలాగే వుంది.